ఆదివారం వండి వారమంతా తినవచ్చా?

ప్రశ్న: నేను ఇంటికి దూరంగా ఒక గది అద్దెకు తీసుకుని, ఒంటరిగా ఉంటూ డిగ్రీ రెండో సంవత్సరం చదువుతున్నాను. గదిలో ఒకే ఒక్క పొయ్యి, ప్రెషర్ కుక్కర్, చిన్న ఫ్రిజ్, మైక్రోవేవ్ ఉన్నాయి. వారంలో నాలుగు రోజులు ఉదయం ఎనిమిదిన్నరకు బయలుదేరితే తిరిగి వచ్చేసరికి సాయంత్రం ఆరు దాటుతుంది. వాటిలో రెండు రోజులు ల్యాబ్ వల్ల ఇంకా ఆలస్యమవుతుంది. రోజూ వండుకునే ఓపిక లేక, ఆదివారం మధ్యాహ్నమంతా పొయ్యి దగ్గరే గడిపి వారానికి సరిపడా అన్నం, రెండు మూడు కూరలు వండి పెద్ద గిన్నెలతోనే ఫ్రిజ్‌లో పెట్టుకుంటున్నాను. బుధవారానికి కూర రుచి మారిపోతోంది. గురువారానికి తినబుద్ధి కాక పారేసి, బయట ఏదో ఒకటి తింటున్నాను. ఒకసారి మాత్రం పారేయడానికి మనసు రాక అన్నం బాగా వేడి చేసుకుని తిన్నాను. వాసనేమీ లేదు, అయినా రెండు మూడు గంటలలోనే వాంతులయ్యాయి. అప్పటినుంచి మధ్యాహ్నానికి డబ్బా తీసుకెళ్లాలన్నా భయంగా ఉంది. వారానికి ఒక్కసారి వండుకుని ఆరోగ్యంగా తినడం సాధ్యమేనా, లేక ఈ ప్రయత్నమే మానుకోవాలా?
– ఒక విద్యార్థిని

సమాధానం: మీ ప్రయత్నం మానుకోవలసిన పని లేదు, పద్ధతి మాత్రం మార్చుకోవాలి. ఆదివారం వండినది శనివారం దాకా ఫ్రిజ్‌లో నిలవదు. నిలవనిదాన్ని నిలబెట్టబోవడం వల్లనే మీకు రుచి చెడటం, పారేయడం, చివరికి ఆరోగ్యం దెబ్బతినడం ఒకదాని వెంట ఒకటి ఎదురయ్యాయి. సరిగ్గా చల్లార్చి ఫ్రిజ్‌లో పెట్టిన వంటకాలకు ఆహార భద్రతా నిపుణులు సాధారణంగా చెప్పే గడువు 3 నుంచి 4 రోజులు మాత్రమే. అందువల్ల వారానికి ఒకసారి పెద్ద వంట చేయడం కంటే వారానికి రెండుసార్లు చిన్న వంట చేయడం, అందులోనూ పూర్తి వంటకాలను కాక వంటకు కావలసిన భాగాలను సిద్ధం చేసి పెట్టుకోవడం మీ పరిస్థితికి సరిపోతుందని నా అభిప్రాయం. అది ఎలాగో చెప్పేముందు మీకు వాంతులైన సంగతి మాట్లాడాలి, ఎందుకంటే ఒంటరిగా ఉండే విద్యార్థులలో చాలామంది ‘బాగా వేడి చేశాను కదా, ఇంకేమీ కాదు’ అనే నమ్మకంతోనే పాత అన్నం తింటూ ఉంటారు.

బియ్యంలో బాసిల్లస్ సీరియస్ అనే బ్యాక్టీరియా బీజాలు సహజంగానే ఉండవచ్చు. ఆ బీజాలకు గట్టి రక్షణ కవచం ఉంటుంది కాబట్టి అన్నం ఉడికే వేడికి కూడా అవి చావవు. ఉడికిన అన్నం గంటల తరబడి గోరువెచ్చగా ఉండిపోతే ఆ బీజాలు మొలకెత్తి బ్యాక్టీరియాగా పెరుగుతాయి, ఆ పెరుగుదలలో కొన్ని రకాలు వాంతులు కలిగించే ఒక విషపదార్థాన్ని తయారు చేస్తాయి. అసలు ప్రమాదం ఇక్కడే ఉంది. తరువాత మీరు ఆ అన్నాన్ని పొగలు వచ్చేలా వేడి చేసినా బ్యాక్టీరియా చావవచ్చు గానీ, అప్పటికే తయారైన విషం మాత్రం విరగదు. అన్నం రంగు మారకపోవచ్చు, వాసన రాకపోవచ్చు, నాలుకకు తేడా తెలియకపోవచ్చు. తిన్న అరగంట నుంచి ఆరు గంటల లోపు వాంతులు మొదలవుతాయి, చాలామందికి ఒక రోజులో తగ్గిపోతాయి. మీకు జరిగినది కచ్చితంగా ఇదేనని ఉత్తరం చదివి తేల్చలేను గానీ, మీరు రాసిన వరుస దీనికి బాగా సరిపోతోంది. ఇకముందు ఎప్పుడైనా వాంతులు రోజు గడిచినా తగ్గకపోయినా, నీళ్లు కూడా కడుపులో నిలవకపోయినా, రక్తం కనిపించినా, తీవ్రమైన జ్వరం వచ్చినా గదిలో ఒంటరిగా ఓర్చుకుంటూ కూర్చోకుండా వెంటనే వైద్యుల దగ్గరికి వెళ్లండి.

వండిన ఆహారంలో బ్యాక్టీరియా వేగంగా పెరిగేది 5 నుంచి 60 డిగ్రీల సెల్సియస్ మధ్య. పొయ్యి దించిన తరువాత ఆహారం ఈ హద్దులలో గడిపే సమయం ఎంత తగ్గితే అంత మంచిది. రెండు గంటలకు మించి బయట ఉంచకూడదన్నది సాధారణ నియమం, గదిలో వేడి 32 డిగ్రీలు దాటితే ఆ గడువు ఒక్క గంటే. మీరు వారానికి సరిపడా అన్నాన్ని గిన్నెతోనే ఫ్రిజ్‌లో పెట్టానని రాశారు. అంత పెద్ద గిన్నె పైభాగం ఫ్రిజ్‌లో చల్లబడినా, నడిమధ్యన ఉన్న అన్నం మాత్రం చాలా గంటలు వెచ్చగానే ఉంటుంది. మూత తీసి చేయి పెడితే చల్లగా తగులుతుంది, గరిటె లోపలికి దింపితే వెచ్చదనం తెలుస్తుంది. ఫ్రిజ్‌లో పెట్టాను కదా అన్న నిశ్చింతలో మనం ఉంటాం, లోపల బీజాలు మొలకెత్తుతూ ఉంటాయి.

కాబట్టి చల్లార్చడాన్ని వంటలో ఒక భాగంగానే భావించండి. అన్నం ఉడికిన వెంటనే కుక్కర్‌లో వదిలేయకుండా, శుభ్రమైన వెడల్పాటి పళ్లెంలోకి తీసి రెండు వేళ్ల మందానికి మించకుండా పరచండి. ఫోర్కుతో గానీ గరిటె అంచుతో గానీ మెతుకు చిదిమిపోకుండా రెండు మూడుసార్లు కదిపితే ఆవిరి తేలికగా పోతుంది. ఫ్యాను గాలి తగిలే చోట పెడితే అరగంట లోపే చేతికి వేడి తగలనంతగా చల్లారుతుంది. అప్పుడు ఒక్కో పూటకు సరిపడా చిన్న, లోతు తక్కువ డబ్బాలలోకి సర్ది, మూతలు కాస్త వదులుగా ఉంచి ఫ్రిజ్‌లో పెట్టండి, పూర్తిగా చల్లబడ్డాక మూతలు బిగించండి. కూరలు, ఉడికిన గింజలు అయితే గిన్నెను చన్నీళ్లు పోసిన టబ్బులో నిలబెట్టి కలుపుతూ ఉంటే త్వరగా చల్లారతాయి. వేడి తగ్గకుండా ఏదీ ఫ్రిజ్‌లో పెట్టకూడదని చాలామంది ఆహారాన్ని రాత్రంతా బయట ఉంచేస్తారు. ఆ జాగ్రత్త పొగలు కక్కే పెద్ద గిన్నెకు వర్తిస్తుంది గానీ, గోరువెచ్చగా ఉన్న చిన్న డబ్బాకు వర్తించదు.

అన్నాన్ని ఫ్రిజ్‌లో ఎన్ని రోజులు ఉంచవచ్చన్న దాని మీద సలహాలు అన్నిచోట్లా ఒకేలా లేవు. కొన్నిచోట్ల 3, 4 రోజులు అంటారు, మరికొన్నిచోట్ల ఒక్క రోజే అంటారు. ఒకసారి ఇబ్బంది పడ్డారు కాబట్టి మీరు కఠినమైన నియమాన్నే పాటించండి: మరుసటి రోజుకు కావలసినది మాత్రమే ఫ్రిజ్‌లో ఉంచి, మిగిలినది వండిన రోజే చల్లార్చి ఫ్రీజర్‌లోకి పంపండి. గడ్డకట్టిన అన్నం రుచిలోనూ మెరుగు. ఉడికిన పిండిపదార్థం ఫ్రిజ్ చలికి తిరిగి బిగుసుకుంటుంది, అందుకే మర్నాటికి అన్నం మెతుకు మెతుకుగా గట్టిపడుతుంది. అది చెడిపోవడం కాదు. ఒక చెంచా నీళ్లు చిలకరించి మూతపెట్టి వేడి చేస్తే మళ్లీ మెత్తబడుతుంది. వెంటనే ఫ్రీజర్‌లో పెట్టిన అన్నం ఇంతగా బిగుసుకోదు.

ఇక ఎంత వండాలన్న విషయానికి వద్దాం. రోజుకు మూడు చొప్పున వారానికి 21 పూటలు. మీరు ఈ ఇరవై ఒక్క పూటలకూ ఒకేసారి వండబోయారు, అందుకే ఆదివారం మధ్యాహ్నమంతా పోయింది. మీ ఉత్తరాన్ని మళ్లీ చదివితే నిజంగా ఇబ్బంది పెడుతున్నవి పదే పూటలు: కాలేజీకి వెళ్లే నాలుగు రోజుల ఉదయాలు, ఆ నాలుగు రోజుల మధ్యాహ్నాలు, ల్యాబ్ ఉన్న రెండు రాత్రులు. మిగిలిన పూటల్లో మీరు గదిలోనే ఉంటారు, సిద్ధంగా ఉన్నవాటితో పావుగంటలో అప్పటికప్పుడు ఏదో ఒకటి చేసుకోగలరు. ముందుచూపుతో చేయవలసింది ఆ పది పూటల కోసం మాత్రమే. ఈ లెక్క ప్రతి విద్యార్థికీ వేరుగా ఉంటుంది, కాబట్టి సెమిస్టర్ మారినప్పుడల్లా కొత్త టైమ్‌టేబుల్ పక్కన పెట్టుకుని మళ్లీ వేసుకోవాలి.

ఈ పది పూటలను రెండుగా విడగొట్టండి. ఆదివారం గంటన్నర పని చేస్తే సోమ, మంగళ, బుధవారాలు గడుస్తాయి. బుధవారం గానీ, ల్యాబ్ లేని మరో సాయంత్రం గానీ ఒక ముప్పావుగంట కేటాయిస్తే వారాంతం దాకా సరిపోతుంది. ఆ రెండో వంట లేకుండా నెట్టుకురావాలని చూడకండి. గురువారం డబ్బా తెరిచినప్పుడు తినబుద్ధి అయ్యేది దాని వల్లనే.

సిద్ధం చేయవలసిన భాగాలు నాలుగు. కడుపు నింపే ధాన్యం ఒకటి, మాంసకృత్తుల కోసం గింజలో గుడ్లో చికెనో ఒకటి, కూరగాయలు, ఏ వంటనైనా రుచిగా మార్చగల ఉల్లి–టమాటా ముద్ద ఒకటి. వీటిని విడివిడిగా ఉంచాలనడానికి కారణం ఉంది. ఆదివారమే కూర వండేస్తే దాని రుచి ఆ రోజే ఖాయమైపోతుంది, మూడో రోజుకు కూరగాయ ముక్క పులుసును పీల్చుకుని మెత్తబడి, తొలిరోజు ఉన్న కారం ఉప్పు తగ్గినట్లు అనిపిస్తుంది. అదే శనగలు విడిగా, ముద్ద విడిగా, తరిగిన క్యాబేజీ విడిగా ఉంటే సోమవారం శనగలను ముద్దలో ఉడికించి అన్నంతో తినవచ్చు, మంగళవారం అవే శనగలను చిదిపి పచ్చి ఉల్లిపాయ, నిమ్మరసం కలిపి రొట్టె ముక్కల మధ్య పెట్టుకోవచ్చు, బుధవారం క్యాబేజీతో పాటు వేయించి పైన గుడ్డు కొట్టి పోసుకోవచ్చు. ఒకే గింజ మూడు రోజులు తిన్నట్లు నాలుకకు తెలియదు. నిమ్మరసం, మిరియాల పొడి, కొత్తిమీర వంటివి తినే ముందు వేసుకుంటేనే వంటకు తాజాదనం వస్తుంది, వాటిని డబ్బాలో ముందే కలిపేస్తే రెండో రోజుకు ఉనికి లేకుండా పోతాయి.

ఒకే పొయ్యి మీద గంటన్నరలో ఇవన్నీ ఎలా పూర్తవుతాయని మీకు సందేహం రావచ్చు. పనుల వరుస కుదిరితే చాలు. శనివారం రాత్రి పడుకునే ముందు రెండు కప్పుల శనగలు నీళ్లలో నానబెట్టండి. ఆదివారం ఆ నీళ్లు పారబోసి, కొత్త నీళ్లతో ముందుగా వాటినే కుక్కర్‌లో ఎక్కించండి, ఎందుకంటే ఎక్కువ సేపు పట్టేది అదే. అవి ఉడుకుతున్న అరగంటలో క్యారెట్, క్యాబేజీ, బీన్స్ కడిగి, తడి ఆరనిచ్చి తరుగుకోండి, పొయ్యి అవసరం లేని పనులన్నీ ఈ వేళలోనే చేసుకోవాలి. శనగలు దించి చన్నీళ్ల టబ్బులో చల్లార్చడానికి పెట్టాక పొయ్యి మీదికి అన్నం వస్తుంది. ఒక కప్పు బియ్యానికి దాదాపు మూడు కప్పుల అన్నం అవుతుంది కాబట్టి రెండు కప్పుల బియ్యంతో నాలుగు పూటలు హాయిగా గడుస్తాయి. అన్నం ఉడికే లోపు ఉల్లిపాయలు, టమాటాలు తరగండి. అన్నాన్ని పళ్లెంలో పరచి, అదే పొయ్యి మీద వెడల్పాటి బాణలిలో ఉల్లిపాయలు వేయించడం మొదలుపెట్టండి. ఇందులో తొందరపడవద్దు. సన్నని మంట మీద ఉల్లిపాయ ముందు నీరు విడిచి, తరువాత ఆ నీరు ఇగిరి, అంచులు బంగారు రంగుకు తిరగాలి. అప్పుడు అల్లం వెల్లుల్లి వేసి పచ్చివాసన పోయాక టమాటా ముక్కలు, ఉప్పు వేసి, నూనె అంచులకు చేరేదాకా మగ్గనివ్వాలి. నీరు బాగా ఇగిరిన ముద్ద తక్కువ చోటులో ఎక్కువ రుచిని దాచుకుంటుంది, తరువాత వాడుకునేటప్పుడు కావలసినంత నీరు మీరే కలుపుకోవచ్చు. చివరిగా ఖాళీ అయిన పొయ్యి మీద నాలుగు గుడ్లు ఉడికించండి. ఈలోగా అన్నం చల్లారి ఉంటుంది, డబ్బాలు నింపడం ప్రారంభించవచ్చు.

శనగలకు బదులు రాజ్మా వండాలనుకుంటే ఒక జాగ్రత్త తప్పనిసరి. పచ్చి రాజ్మాలో లెక్టిన్ అనే సహజ విషపదార్థం ఉంటుంది, సరిగ్గా ఉడకని కొద్ది గింజలు తిన్నా తీవ్రమైన వాంతులవుతాయి. వాటిని కనీసం ఐదు గంటలు నానబెట్టి, ఆ నీళ్లు పారబోసి, కొత్త నీళ్లలో గలగల మరిగే వేడి మీద కనీసం పది నిమిషాలు, అరగంట అయితే మరీ మంచిది, ఉడికించిన తరువాతే మిగతా వంట చేయాలి. నెమ్మదిగా తక్కువ వేడి మీద వండే విద్యుత్ కుక్కర్లలో రాజ్మాను నేరుగా వేయకూడదు. పప్పుకు ఈ బాధ లేదు. నానబెట్టడం మరచిపోయిన వారం పప్పుతోనే గడపండి.

ఉడికించిన గుడ్లు పెంకుతోనే ఉంచితే ఫ్రిజ్‌లో వారం దాకా నిలుస్తాయి, పెంకు తినే రోజునే తీయాలి. తరిగిన క్యారెట్, క్యాబేజీ డబ్బా అడుగున పొడి గుడ్డ గానీ కాగితం గానీ పరిచి పెడితే మూడు నాలుగు రోజులు కరకరలాడుతూ ఉంటాయి. కూరగాయ కుళ్లడానికి ముందుగా కారణమయ్యేది దాని మీద మిగిలిన తడి. దోసకాయ, టమాటా మాత్రం ఏ రోజుకు ఆ రోజే కోసుకోండి. ఆకుకూరలు మీలా తీరిక లేనివారికి కొంచెం కష్టమైనవే. తెచ్చిన రెండు రోజులలో వండేయగలిగితేనే కొనండి. పచ్చి మాంసం తెస్తే ఫ్రిజ్‌లో అన్నిటికంటే కింది అరలో, కారకుండా మూత ఉన్న డబ్బాలో పెట్టాలి. దాని నీరు ఒక్క చుక్క వండిన అన్నం మీద పడినా మీ శ్రమంతా వృథా అవుతుంది.

ఫ్రీజర్ విషయంలో కాస్త వివరంగా చెబుతాను, ఎందుకంటే ల్యాబ్ ఉన్న రాత్రులు మిమ్మల్ని బయటి తిండి నుంచి తప్పించగలిగేది అదే. ఆకలితో, అలసటతో గదికి చేరిన మనిషి ఆ సమయంలో వండుకోవాలా వద్దా అని ఆలోచించే స్థితిలో ఉండడు. పది నిమిషాలలో వేడి భోజనం సిద్ధమవుతుందని తెలిసి ఉంటే చాలు. మైనస్ 18 డిగ్రీల దగ్గర బ్యాక్టీరియా పెరగడం ఆగిపోతుంది, చనిపోవు. అందువల్ల గడ్డకట్టించడం పాడైనదాన్ని బాగుచేయదు, మంచిగా ఉన్నదాన్ని అలాగే ఉంచుతుంది, అంతే. అన్నం, ఉడికిన శనగలు, పప్పు, ఉల్లి–టమాటా ముద్ద, వండిన చికెన్ చక్కగా గడ్డకడతాయి, రెండు నెలల దాకా రుచి కూడా పెద్దగా తగ్గదు. ఉడికిన గుడ్డు తెల్లసొన రబ్బరులా సాగుతుంది, బంగాళదుంప ఇసుక ఇసుకగా అవుతుంది, పెరుగు విరుగుతుంది, దోసకాయ వంటివి నీరు కారిపోతాయి. వీటిని ఫ్రీజర్‌లో పెట్టవద్దు. నీరు గడ్డకట్టేటప్పుడు దాదాపు 9 శాతం వ్యాకోచిస్తుంది కాబట్టి డబ్బా అంచుకు ఒక వేలి వెడల్పు ఖాళీ వదలండి, గాజు సీసాలు పగిలేది ఆ ఖాళీ వదలనప్పుడే. ముద్దను, శనగలను జిప్ ఉన్న సంచులలో పోసి పలకల్లా చదునుగా పరచి గడ్డకట్టిస్తే చిన్న ఫ్రీజర్‌లో పుస్తకాల్లా నిలువునా పేర్చుకోవచ్చు, పలుచగా ఉండటం వల్ల కరగడమూ త్వరగా అవుతుంది. ప్రతి సంచి మీదా ఏమిటో, ఏ తేదీన వండారో రాయండి. గడ్డకట్టిన తరువాత పప్పూ ముద్దా ఒకేలా కనిపిస్తాయి.

ఇక్కడ ఒక సందేహం తీర్చుకోవాలి. చిన్న ఫ్రిజ్‌లలో లోపలే ఉండే మంచు అర నిజమైన ఫ్రీజర్ అంత చల్లగా ఉండకపోవచ్చు. దానిలో పెట్టిన ఐస్‌క్రీమ్ రాయిలా గట్టిగా ఉంటే నెలల లెక్క పాటించవచ్చు, మెత్తగా ఉంటే మాత్రం నాలుగైదు రోజులలో వాడేసే వాటికే ఉపయోగించుకోండి. అలాగే ఫ్రిజ్ లోపల 5 డిగ్రీల కంటే తక్కువ ఉందో లేదో చిన్న థర్మామీటర్ ఒకటి కొని చూసుకోండి. ఈ మొత్తం ఏర్పాటులో మీరు కొత్తగా కొనవలసిన వస్తువు ఏదైనా ఉందంటే అది మొదటిది. తలుపు అరలు అన్నిటికంటే వెచ్చగా ఉంటాయి, వండిన డబ్బాలను వెనకవైపు సర్దండి. కిక్కిరిసిన ఫ్రిజ్‌లో చల్లగాలి తిరగదు, మీరు వారానికి సరిపడా గిన్నెలు పెట్టిన రోజుల్లో అది కూడా తోడై ఉంటుంది.

గడ్డకట్టిన ఆహారాన్ని గట్టు మీద పెట్టి కరగనివ్వకూడదు. ముందు రోజు రాత్రి ఫ్రీజర్ నుంచి ఫ్రిజ్‌లోకి మార్చండి, మరచిపోతే నేరుగా మైక్రోవేవ్‌లో పెట్టండి. మైక్రోవేవ్ అంతటా ఒకేలా వేడి చేయదు. అంచు బుడగలు వస్తున్నప్పుడు నడుమ చల్లగా ఉండటం మీరూ గమనించే ఉంటారు. మూత వదులుగా కప్పి, సగం సమయం గడిచాక తీసి బాగా కలిపి, మళ్లీ వేడి చేసి, ఆపిన తరువాత రెండు నిమిషాలు అలాగే ఉంచండి. నడిమధ్యన 74 డిగ్రీలు చేరాలి, అంటే లోపలి నుంచి కూడా ఆవిరి రావాలి. ఒక పూటకు తినేంతే వేడి చేయండి, వేడి చేసి మిగిల్చినదాన్ని మళ్లీ ఫ్రిజ్‌లో పెట్టవద్దు.

మధ్యాహ్నపు డబ్బా గురించి మీ భయం సహేతుకమైనదే. ఎనిమిదిన్నరకు బయలుదేరి ఒంటి గంటకు తింటే నాలుగున్నర గంటలు, రెండు గంటల హద్దును ఎప్పుడో దాటిపోతాం. దీనికి రెండు దారులున్నాయి. డబ్బాను చల్లగానే ఉంచడం ఒకటి: ఫ్రిజ్ నుంచి తీసిన డబ్బాను, గడ్డకట్టిన ఐస్ ప్యాక్ గానీ గడ్డకట్టించిన నీళ్ల సీసా గానీ పక్కన పెట్టి వేడి చొరని సంచిలో తీసుకెళ్లాలి, కాలేజీలో మైక్రోవేవ్ ఉంటే అక్కడ వేడి చేసుకోవచ్చు. వేడిగానే ఉంచడం రెండోది: వేడిని పట్టి ఉంచే స్టీలు ఫ్లాస్కులో ముందు మరిగే నీళ్లు పోసి పది నిమిషాలు మూతపెట్టి, అవి పారబోసి, పొగలు వచ్చేంత వేడి చేసిన ఆహారాన్ని నిండుగా నింపి బిగించాలి. సగం నింపిన ఫ్లాస్కు త్వరగా చల్లారుతుంది. తినేటప్పటికి 60 డిగ్రీలకు పైన ఉండాలి కాబట్టి మొదటిసారి సెలవు రోజున గదిలోనే నింపి, నాలుగున్నర గంటల తరువాత థర్మామీటర్ పెట్టి చూసుకుంటే మీ ఫ్లాస్కు మీద నమ్మకం కుదురుతుంది. ఈ రెండూ కుదరని రోజున వేరుశనగ వెన్న రాసిన రొట్టె, అరటిపండు, గుప్పెడు వేయించిన గింజలు తీసుకెళ్లండి. అవి చెడిపోతాయన్న బెంగ ఉండదు.

ఉదయాలకు పెద్ద ఆలోచన అక్కర్లేదు. రాత్రి పాలలో గానీ పెరుగులో గానీ ఓట్స్ నానబెట్టి ఫ్రిజ్‌లో ఉంచి, పొద్దున పండు ముక్కలు కలుపుకోండి, పక్కన ఉడికిన గుడ్డు ఒకటి తినండి.

పోషకాల సంగతి కొంచెం చూద్దాం. ఆరోగ్యవంతులైన పెద్దవారికి శరీర బరువులో ప్రతి కిలోకు రోజుకు 0.8 గ్రాముల మాంసకృత్తులు కావాలని లెక్క. 55 కిలోల మనిషికి అది 44 గ్రాములు. గుడ్డులో సుమారు 6 గ్రాములు, ఒక కప్పు ఉడికిన శనగల్లో 14 గ్రాములకు పైగా, ఒక కప్పు ఉడికిన పప్పులో దాదాపు 18 గ్రాములు ఉంటాయి కాబట్టి పైన చెప్పిన ఏర్పాటుతో ఆ అవసరం తేలికగా తీరుతుంది. నాకు మీ విషయంలో ఎక్కువ బెంగ కూరగాయల గురించే. ప్రపంచ ఆరోగ్య సంస్థ పండ్లు, కూరగాయలు కలిపి రోజుకు కనీసం 400 గ్రాములు తినమంటుంది, ఒంటరిగా వండుకునేవారి పళ్లెంలో ముందుగా తగ్గిపోయేవి అవే. తరిగిన కూరగాయలు కళ్లెదుట సిద్ధంగా ఉంటే వేసుకుంటారు, తరగవలసి వస్తే రేపటికి వాయిదా వేస్తారు. అందుకే ఆదివారం సమయం తక్కువైతే ముద్ద మానుకోండి గానీ కూరగాయలు తరగడం మానుకోవద్దు. గింజలలోని ఇనుము ఒంటికి పట్టాలంటే భోజనంలో నిమ్మరసమో టమాటానో ఉండాలి. తిన్న వెంటనే తాగే టీ, కాఫీ దానికి అడ్డుపడతాయి, ఒక గంట ఆగి తాగండి.

కొనుగోలు గురించి ఒక్క మాట: బియ్యం, పప్పు, శనగలు, ఓట్స్ నెలకు ఒకసారి, కూరగాయలు వారానికి ఒకసారి, అది కూడా ఆ పది పూటల జాబితా రాసుకున్న తరువాతే తెచ్చుకోండి. ఒకే కొలత గల, మైక్రోవేవ్‌కు పనికివస్తుందని గుర్తు ఉన్న, లోతు తక్కువ డబ్బాలు ఆరు ఉంటే సరిపోతాయి.

ఈ ఆదివారమే అన్నీ ఒకేసారి మొదలుపెట్టకండి. మొదటి వారం శనగలు ఉడికించడం, అన్నం చల్లార్చి గడ్డకట్టించడం, కూరగాయలు తరిగి పెట్టుకోవడం, ఈ మూడే చేసి ల్యాబ్ ఉన్న రెండు రాత్రులూ, రెండు మధ్యాహ్నాలూ గడపండి, మిగిలిన పూటలు ఇప్పటిలాగే సాగనివ్వండి. చేయి తిరిగాక రెండో వారం ముద్దను, ఆ పై వారం బుధవారపు వంటను చేర్చండి. పరీక్షలు దగ్గరపడినప్పుడు వంటకు అరగంట కూడా దొరకదు కాబట్టి, పరీక్షలకు మూడు వారాల ముందు నుంచే ప్రతిసారీ ఒక కప్పు గింజలు, ఒక కప్పు బియ్యం అదనంగా వండి ఫ్రీజర్‌లో చేర్చుకుంటూ రండి. మామూలు రోజుల్లో కూడా అక్కడ రెండు పూటల భోజనం ఎప్పుడూ ఉండేలా చూసుకోండి, ఒక పూటది వాడుకుంటే తరువాతి వంటలోనే దాన్ని భర్తీ చేయండి.